వేడినీళ్ల పాఠం

10 సెప్టెంబరు 2011, శనివారం

రావలసినవాళ్లు ఆరుగురు. వచ్చినవాళ్లు నలుగురు. మూడు గంటలకన్నాను, మూడూ ఇరవైకి మొదలైంది.

రెండో పాఠం అయింది. బకెట్లో జానెడు నీళ్లుంటే చాలు, ఏడాది బిడ్డ తలకిందులుగా పడితే లేవలేదని చెప్పాను. సీతాబాయి నవ్వింది. పక్క టవర్ దగ్గర ఇటుకలు మోస్తుంది, ఏడో నెల. "జానెడు నీళ్లల్ల ఎవలు మునుగుతరు మేడం" అంది. ఆ వయసులో తల బరువెక్కువ, ముందుకు వాలితే వెనక్కి లేపుకోలేరని బొమ్మ గీసి చూపించాను. అప్పుడు నవ్వు ఆగింది. నవ్వు ఆపడానికి బొమ్మ గీయాలా? బిడ్డను మోస్తున్నది తను కదా.

డాక్టరమ్మ ఇచ్చిన చిన్న పుస్తకంలో ఆరు పాఠాలున్నాయి. పడిపోవడం, నీళ్లలో మునగడం, వేడినీళ్లు, గొంతులో అడ్డుపడేవి, కిరసనాయిలు ఫినాయిలు, కరెంటు. కాన్పయ్యాక ఈ ఆడవాళ్లకు ఊపిరి పీల్చే తీరిక ఉండదు. చెప్పాలంటే ఇప్పుడే చెప్పాలి. అందుకే మా అపార్టుమెంటు సెల్లార్లో చాపలు వేయించాను, రిజిస్టరు పెట్టాను. ఎడమ పేజీలో హాజరు, పాఠం పేరు, సంతకం. కుడి పేజీలో ఎవరికి తెలిసిన ప్రమాదం వాళ్లు చెబితే రాస్తున్నాను: ఊరు, బిడ్డ వయసు, ఏం జరిగింది, దగ్గర ఎవరున్నారు.

సాయమ్మకు ఇదంతా గిట్టదు. మా వాచ్‌మన్ మహేందర్ తల్లి. కోడలు సంధ్యకు ఆరో నెల, మొదటి పిల్ల మల్లికకు పదిహేను నెలలు, అందరూ సెల్లార్లోని ఒక్క గదిలోనే ఉంటారు. ఈ రోజు పాఠం మధ్యలో ఆ ముసలమ్మ లేచి నిలబడింది.

"ఏందమ్మా గిది. కడుపుతోటి ఉన్నోళ్ల ముంగట మునుగుడు, కాలుడు, పడుడు. మంచి మాటలు చెప్పరాదు?"

"మంచి జరగాలనే చెప్తున్నాను సాయమ్మా" అన్నాను.

అపశకునమట. కడుపులో బిడ్డ వింటుందట. వింటే మంచిదే, పుట్టాక బకెట్ జోలికి పోదు. ఈ కాలంలో కూడా ఇలాంటి మాటలు.

కాన్పుకొచ్చిన మా అమ్మాయి నవ్య మెట్ల మీద నిలబడి వింటోంది. చూసి పైకి పంపించేశాను. ఎనిమిదో నెల. దానికి ఇవన్నీ ఎందుకు?

వచ్చే వారం మూడో పాఠం, వేడినీళ్లు.

13 సెప్టెంబరు, మంగళవారం

సకల జనుల సమ్మె మొదలైంది. బడులు మూసేశారు. మహేందర్ గేటుకు జై తెలంగాణ స్టిక్కరు అంటించాడు. సెక్రటరీ రామబ్రహ్మం గారు గోటితో గీకి తీసేశారు. సాయంత్రానికి మళ్లీ ఉంది.

17 సెప్టెంబరు, శనివారం

హాజరు ఐదుగురు. సీతాబాయి ఉడకబెట్టిన పల్లీలు తెచ్చింది. చేతిలో పల్లీలుండగా గొంతులో అడ్డుపడే వాటి గురించి చెప్పడమే సబబనిపించి నాలుగో పాఠం ముందు చెప్పాను. మూడేళ్లలోపు పిల్లలకు గింజ చేతికివ్వొద్దు. సంధ్య వెంటనే మల్లిక నోట్లో వేలు పెట్టి రెండు బద్దలు బయటకు తీసింది. చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి ఆ గుంపులో ఆమె ఒక్కతే.

సాయమ్మ ఈసారి వేరే దారిలో వచ్చింది. "గంత మంచి ముచ్చటైతే నీ బిడ్డను ఎందుకు కూసోబెట్టవు? ఆమె కడుపు కడుపు గాదా?"

అందరూ నా వైపు చూశారు. దానికి డాక్టరు విశ్రాంతి చెప్పిందన్నాను. చెప్పలేదు. అయినా ఆ ముసలమ్మకు జవాబుదారీ నేనెందుకు అవుతాను?

రాత్రి అన్నాల దగ్గర నవ్య చేయి చాపితే మోచేతి కింద కాలిన మచ్చ కనిపించింది. ఎన్నేళ్లయినా ముడతపడ్డ కాగితంలాగే ఉంది. అప్పటి మా పనిమనిషి చెన్నమ్మ బకెట్ దారిలో పెట్టి పోయిన పాపం. పనివాళ్లను నమ్మితే అంతే.

వేడినీళ్ల పాఠం వచ్చే వారం.

20 సెప్టెంబరు, మంగళవారం

బొగ్గు గనుల్లో సమ్మె అట, కరెంటు లేదు. రోజూ పొద్దున ఆరు నుంచి ఎనిమిది వరకు కోత. గీజర్లు పనిచేయవు. గ్యాస్ బండలు వచ్చే దారి లేదు కనుక స్నానాల నీళ్లకు గ్యాస్ వాడబుద్ధి కాదు. ఇరవై ఇళ్లవాళ్లు మెట్ల మీద నిలబడి సణుక్కోవడం తప్ప ఒక్కరూ ఏమీ చేయలేదు. చివరికి నేనే కాగితం తీశాను.

ఏర్పాటు ఇది. సెల్లార్లో మూడు రాళ్ల పొయ్యి. పక్క టవర్లో పారేసిన చెక్కముక్కలు. సంధ్య నీళ్లు కాచి, ఇంటికొక స్టీలు బకెట్ చొప్పున వరుసలో పైకి చేరుస్తుంది. బకెట్ల మీద ఇంటి నంబర్లు నేనే పెయింటుతో రాశాను. కాగితంలో ఒక విషయం కింద గీత గీసి మరీ రాశాను: నీళ్లు సలసల కాగాకే పోయాలి, కింద చన్నీళ్లు కలపవద్దు. పైకి వచ్చేలోపు చల్లారతాయి కదా. చన్నీళ్లు ఎవరి బాత్రూములో వాళ్లు కలుపుకుంటారు.

రామబ్రహ్మం గారు ఆ కాగితం లిఫ్టు పక్కన అంటించారు. "మీలాంటివారు కమిటీలో ఉండాలండి" అన్నారు. ఇంతకాలం ఆ ముక్క తోచనందుకు ఆయనకు సిగ్గు లేదు.

24 సెప్టెంబరు, శనివారం

రైల్ రోకో. సీతాబాయి బోరబండలో చిక్కుకుపోయిందట. మిగిలినవాళ్లలో నలుగురు వచ్చారు. నవ్యకు స్కానింగుందని క్లాసు ఎత్తేశాను. సంధ్య మెట్ల దాకా వెంట వచ్చింది.

"ఇయ్యాల వేడినీళ్ల ముచ్చట అన్నరు గదా మేడం."

"వచ్చే వారం సంధ్యా."

స్కానింగు సోమవారం. తేదీ తప్పు చూసుకున్నాను. నాకు ఇలాంటి పొరపాట్లు జరగవు.

29 సెప్టెంబరు, గురువారం

ఏడూ యాభై. మా బకెట్ ఇంకా రాలేదు. మా ఆయన చన్నీళ్లు పోసుకుని, "నీ ఏర్పాటు బాగుండాదే" అని ఎత్తిపొడిచి వెళ్లాడు. కాగితం మీద మా ఇల్లు ఏడు ఇరవైకి ఉంది. వరుస రాసిచ్చినా పాటించరు.

అదే రోజు, మధ్యాహ్నం

మల్లిక కాలింది. కుడి తొడ, కుడి చేయి, పొట్ట కొంత.

కేకలు విని నేను దిగేసరికి నవ్య నాకంటే ముందు దిగి ఉంది. ఆ కడుపుతో కింద కూర్చుని పిల్లను కొళాయి ధార కింద పట్టుకుంది. సాయమ్మ పేస్టు గొట్టం తెచ్చి పూయబోతే, "వద్దు అవ్వా, ఏమీ పూయొద్దు, ఉత్త నీళ్లే, ఇరవై నిమిషాలు" అంటోంది. ఆటోలు లేవు. కిరణ్‌కు ఫోన్ చేసి కారు తెప్పించింది. అల్లుడు ఆఫీసు మధ్యలో వదిలేసి వచ్చాడు.

"నీకెవరు చెప్పారే ఇదంతా?" అని అడిగాను.

"నువ్వు నా కంట పడకుండా బీరువాలో పెట్టిన బుక్కేనమ్మా."

వేడి బకెట్ నేల మీద పెట్టి, పక్కన పిల్లను వదిలేయడమేమిటి? ఆమె తల్లేనా? మూడు వారాలుగా గొంతు పోయేలా చెబుతున్నది ఎవరికోసం?

1 అక్టోబరు, శనివారం

క్లాసు లేదు.

రామబ్రహ్మం గారు వచ్చారు. మహేందర్ ఆస్పత్రి ఖర్చు అసోసియేషన్ భరించాలంటున్నాడట. "వీళ్లకి ధర్నాల మీదున్న శ్రద్ధ పిల్లల మీద లేదండి. ఆవిడ ఆ పూట కొత్తగూడ చౌరస్తాలో వంటావార్పుకి వెళ్లిందంటున్నారు. రోడ్ల మీద పొయ్యిలు పెట్టి ఊరికి అన్నాలు వండుతారు, ఇంట్లో పిల్లని గాలికొదిలేస్తారు." దసరా కాగానే గది ఖాళీ చేయించి, వేరే వాచ్‌మన్‌ను పెడతారట. తొమ్మిదిన మీటింగ్.

"మీ రిజిస్టరు ఒక్కసారి ఇప్పిస్తారాండి? మనం నేర్పించామని, ఆవిడ సంతకం కూడా పెట్టిందని ఉంటుంది కదా."

ఇచ్చాను. ఉంది కదా, ఉన్నదే కదా. రాత ఎంత చక్కగా ఉందో అని మెచ్చుకుంటూ జిరాక్సు తీయించుకుని వెనక్కి పంపారు.

కుడి పేజీలో మల్లిక పేరు నేనే ఎక్కించాను. కొండాపూర్, పదిహేను నెలలు, వేడినీళ్లు. దగ్గర ఎవరున్నారు: తల్లి.

3 అక్టోబరు, సోమవారం

ఆస్పత్రికి వెళ్లాను. నాలుగు మాటలు గట్టిగా అడగాలనే వెళ్లాను.

మల్లిక కట్లతో నిద్రపోతోంది. చర్మం వస్తుందట, మచ్చ ఉంటుందట. సంధ్య మంచం పక్కన నేల మీద కూర్చుని ఉంది. లేవబోతే వద్దన్నాను.

"వంటావార్పుకు పోయావా ఆ పూట?"

"నేనేడికి పోయిన మేడం. ఆరింటికెళ్లి పొయ్యి కాడనే ఉన్న. లిఫ్టు లేకపాయె. ఒక్క చేతితోటి నడుము పట్టుకొని ఒక్కొక్క బకెట్ ఎక్కిస్తున్న. అత్తమ్మ నల్లా కాడికి పోయింది. ఆఖరుకు ఇద్దరివే మిగిలినై. ఐదో అంతస్తుది చేతుల పట్టుకున్న. ఇంకోటి గోడ పక్కన పెట్టిన. ఎనిమిది మెట్లన్న ఎక్కలే, పిల్ల ఒర్రింది."

"ఆ ఇంకోటి ఎవరిది?"

ఆమె చీర కొంగు వేలికి చుట్టుకుంది.

"పోనియ్యిండ్రి మేడం."

"ఎవరిది సంధ్యా?"

"మూడొందల రెండు. మీదే."

మా నంబరు. నేను పెయింటుతో రాసిన నంబరు.

"చన్నీళ్లు జరంత కలిపి పెడ్దామనుకున్న మేడం. మీరు కాగితం మీద కలపొద్దని రాసిండ్రని మహేందర్ సదివి చెప్పిండు. పెద్దోళ్లు చెప్పిన్రు గదా, గట్లనే ఉండాలేమో అనుకున్న. గా పాఠంల అడుగుదామనుకున్న, గోడ పక్కన పెట్టొచ్చునా, మూతేమన్న పెట్టాల్నా అని. మీరేమో వచ్చే వారం అంటిరి."

నా మీద కోపమన్నది ఆ గొంతులో లేదు. ఉండి ఉంటే నాకు తేలికయ్యేది.

అడగాలనుకున్న నాలుగు మాటల్లో ఒక్కటీ అడగలేదు.

4 అక్టోబరు, మంగళవారం

సద్దుల బతుకమ్మ. వీధిలో పాటలు. సాయమ్మ గది తలుపు వేసి ఉంది.

చెన్నమ్మ వేడినీళ్ల మరచెంబు తన్నేసింది. మా అత్తగారికి అలా చెప్పాను. చెన్నమ్మ బకెట్ దారిలో పెట్టి పోయింది. నవ్యకు అలా చెప్పాను. చెన్నమ్మ పిల్లను చూసుకోలేదు. ఇది ఎవరికి చెప్పానో గుర్తు లేదు.

5 అక్టోబరు

చెన్నమ్మ ఆ రోజు పనికి రాలేదు.

7 అక్టోబరు, శుక్రవారం

దసరా అయిపోయింది. మహేందర్ సామాను మూటలు కట్టి గది బయట పెట్టుకున్నాడు. ఆదివారం తేలేదాకా మూటలు విప్పడట.

రిజిస్టరు మొదటి నుంచి చదివాను. 3 సెప్టెంబరు ఒకటో పాఠం. 10న రెండు. 17న నాలుగు. 24న ఏమీ లేదు. మూడో పాఠం గడి రెండుసార్లు ఖాళీ. ఇంత లెక్కగా రాసే మనిషి ఆ ఖాళీ ఎలా వదిలింది? జిరాక్సు తీసిన పెద్దమనిషికి కనిపించలేదా? ఆయన సంతకాలు మాత్రమే చూశాడు. నేను రాత చూసి మురిశాను.

పల్లీలు లేకపోయినా నాలుగో పాఠమే చెప్పేదాన్ని.

9 అక్టోబరు, ఆదివారం

సెల్లార్లో మీటింగ్. ముప్పై దాకా కుర్చీలు. మేము పాఠాలకు చాపలు వేసుకునే చోటే. మహేందర్, సాయమ్మ మెట్ల దగ్గర నిలబడ్డారు, కూర్చోమని ఎవరూ అనలేదు. నవ్య, కిరణ్ చివరి వరుసలో ఉన్నారు.

రామబ్రహ్మం గారు జిరాక్సు కాగితాలు పైకెత్తి చూపించారు. "మన వైపు నుంచి లోటేమీ లేదండి. మేడం గారు వాళ్లకి పద్ధతిగా క్లాసులు తీసుకున్నారు. ఇవిగో సంతకాలు. నేర్పించాక కూడా వినకుండా వంటావార్పులకి తిరిగితే అసోసియేషన్ ఏం చేస్తుందండి?"

మహేందర్ మెట్ల దగ్గర నుంచే అన్నాడు. "వంటావార్పు ఆదివారం అయింది సార్. అండ్లకు నేను పోయిన, దాపెట్ట. నా పెండ్లాం పోలే. మేము రోడ్డు మీద ఒక్క దినం చేసినం. ఆమె మీ అందరికి ఈడనే పది దినాలు చేసింది."

ఇద్దరు ముగ్గురు నవ్వబోయి ఆపుకున్నారు. నేను లేచాను.

"రామబ్రహ్మం గారూ, వేడినీళ్ల పాఠం ఏ తేదీన ఉందో చదవండి."

ఆయన కాగితాలు ముందుకీ వెనక్కీ తిప్పారు. "ఉండే ఉంటుందండి. కనపడ్డం లేదు."

"లేదు. నేను చెప్పలేదు. ఆ అమ్మాయి అడిగితే కూడా వచ్చే వారం అన్నాను. చెప్పని పాఠానికి ఆమె సంతకం సాక్ష్యమెలా అవుతుంది?"

"పనుల్లో పడి మర్చిపోయుంటారు లెండి."

"మర్చిపోలేదు. చన్నీళ్లు కలపొద్దని కాగితం రాసింది నేను. ఇదిగో, ఆ గోడ మీద ఇంకా ఉంది, నా చేతిరాత. అంటించింది మీరు. పది రోజులు ఆ నీళ్లతో స్నానాలు చేసింది మనం. ఆరో నెల మనిషి సలసల కాగే నీళ్లు ఐదంతస్తులు మోస్తుంటే, చేయి కాలుతుందేమో అని మనలో ఒక్కరం మెట్లు దిగలేదు. పిల్లను కాల్చిన బకెట్ మా ఇంటిది. మా ఆయన స్నానానికి వేళ దాటిందని ఆ పొద్దు నేను విసుక్కున్నాను కూడా. ఖాళీ చేయించాలంటే ముందు నన్ను చేయించండి."

మా ఆయన పక్క నుంచి నా కొంగు పట్టి లాగాడు. "కూచోమే. ఇంక చాలు."

చాలలేదు. రామబ్రహ్మం గారు అడగకూడని మాట అడిగారు. "మరి అంత ముఖ్యమైన పాఠం ఎందుకు చెప్పలేదండి?"

"చెప్పాలంటే ముందు వేడినీళ్లు పోసి, చన్నీళ్లకని పక్కకు పోయిన తల్లి గురించి చెప్పాలి. ఆ తల్లిని నేను. మా అమ్మాయి చేయి కాల్చింది నేను. ఇరవై ఏడేళ్లుగా పనిమనిషి అని చెబుతున్నాను."

వెనక కుర్చీ జరిగిన చప్పుడైంది. తిరిగి చూస్తే నవ్య లేచి మెట్లెక్కుతోంది, ఒక చేత్తో నడుము పట్టుకుని. కిరణ్ వెంట వెళ్లాడు.

ఇంటికొక చేయి ఎత్తమంటే మహేందర్‌ను ఉంచాలని పద్నాలుగు చేతులు లేచాయి. ఆస్పత్రి ఖర్చు కూడా అసోసియేషనే పెట్టాలన్నారు. గోడ మీద కాగితం నేనే పీకాను. జిగురు గట్టిగా ఉంది, సగం గోడకే మిగిలిపోయింది.

10 అక్టోబరు

నవ్య మాట్లాడలేదు.

11 అక్టోబరు

నవ్య అన్నం తన గదిలోనే తింది.

మా ఆయన ఒక్క మాట అన్నాడు. "నాతోనైనా చెప్పి ఉండొచ్చు గదా." ఏ మొహంతో చెప్పేదాన్ని? నవ్య చేయి కాలిన రోజు ఆయన ఇంటికి వస్తూనే అడిగిన మొదటి మాట "ఎవరు చేశారు". ఎలా ఉందని కాదు. ఆ ప్రశ్నకు అప్పుడు నోటికొచ్చిన పేరు చెన్నమ్మ. ఇన్నేళ్లకు ఆయన మీద కూడా కోపం వస్తోంది. వచ్చి ప్రయోజనం లేదు. పేరు చెప్పిన నోరు నాది.

13 అక్టోబరు, గురువారం

మల్లికను ఇంటికి తెచ్చారు. సాయమ్మ గది ముందు మూటలు విప్పింది.

సాయంత్రం నవ్య వచ్చి ఎదురుగా కూర్చుంది. చేయి గురించి అడుగుతుందనుకున్నాను.

"చెన్నమ్మను ఏం చేశారు?"

"మీ నాన్న మర్నాడు పనిలోంచి తీసేశాడు."

"నువ్వు?"

"ఊరుకున్నాను."

"తర్వాత వేరే ఇళ్లల్లో పెట్టుకున్నారా ఆమెను?"

ప్రొద్దుటూరు చిన్న ఊరు. పిల్లను కాల్చిన మనిషని వీధంతా చెప్పుకున్నారు. ఆమెకు మొగుడు లేడు. ఇద్దరు పిల్లలు. బస్టాండు దగ్గర పూలు అమ్ముతోందని ఒకసారి విన్నాను, తర్వాత అదీ వినలేదు. తెలుసుకోవాలని నేను ఎవరినీ అడగలేదు.

"తెలీదు" అన్నాను.

నవ్య నా చేతుల వైపు చూసింది. "అలాంటిది జరిగితే ఎవరైనా భయపడతారమ్మా. చేయి సంగతి నాకు పట్టదు. చిన్నప్పట్నుంచీ ఈ మచ్చ చూసినప్పుడల్లా నేను ఆమెను తిట్టుకున్నాను. నువ్వు పక్కనే ఉండి తిట్టుకోనిచ్చావు."



15 అక్టోబరు, శనివారం

సరిగ్గా మూడింటికి మొదలైంది. హాజరు ఏడుగురు. ఏడో సంతకం నవ్యది. పిలవలేదు, తనే వచ్చి సీతాబాయి పక్కన చాప మీద కూర్చుంది. చొక్కా చేయి మోచేతి పైకి మడుచుకుంది.

సాయమ్మ మల్లికను ఒడిలో పెట్టుకుని మొదటిసారి నిలబడకుండా కూర్చుంది. "ఇగ చెప్పు" అంది.

ఖాళీ బకెట్ ముందు పెట్టుకున్నాను. మా బకెట్టే, నంబరు గీకేశాను. ముందు చన్నీళ్లు పోశాను. తర్వాత వేడినీళ్లు. మోచేయి ముంచి చూడమన్నాను. నీళ్లు పోసినవాళ్లు బిడ్డను స్నానం నుంచి ఎత్తేదాకా అక్కడి నుంచి కదలకూడదు, తలుపు కొట్టినా, ఫోన్ మోగినా, పాలు పొంగినా. వేడి పాత్ర నేల మీద పెట్టకూడదు. పెట్టక తప్పని పని ఎవరైనా చెబితే, ఆ పని చేయనని చెప్పాలి.

"ఎవలు చెప్పినా?" అంది సంధ్య.

"నేను చెప్పినా."

నవ్య ఆ మాట రాసుకుంది. నా మొహం వైపు చూడలేదు.

అందరూ వెళ్లాక కుడి పేజీ తీశాను. మల్లిక గడిలో 'తల్లి' కొట్టేసి, 'నీళ్లు ఇలా పంపమన్నది 302' అని రాశాను. దాని కింద కొత్త వరుస మొదలుపెట్టాను.

ప్రొద్దుటూరు, 1984. ఆడపిల్ల, పదకొండు నెలలు. వేడినీళ్లు, ఎడమ చేయి.

దగ్గర ఎవరున్నారు: తల్లి. చెన్నమ్మ ఆ రోజు రాలేదు.